క్లచ్ లింకేజీ సర్దుబాటు: హైదరాబాదు పాత కార్లు

మాన్యువల్ గేర్లున్న పాత కార్లలో క్లచ్ పెడల్‌నూ గేరుబాక్సు దగ్గరి రిలీజ్ ఫోర్కునూ కలిపే కడ్డీలు, వైర్ల అమరికే లింకేజీ. పెడల్ నొక్కడం మొదలుపెట్టాక రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటును తాకేదాకా కొంత దూరం బరువు లేకుండా దిగాలి. మెకానిక్కులు దాన్ని ‘ప్లే’ అంటారు. వైరు క్లచ్ ఉన్న కార్లలో ఇది సాధారణంగా పెడల్ దగ్గర 15 నుంచి 25 మిల్లీమీటర్లు. దాన్ని సరిచేయడానికి ఒక స్పానర్ చాలు, అయితే నట్టు ఎటు తిప్పాలన్న దగ్గరే చాలామంది తడబడతారు.

నగరంలో ఈ పనికి చాలాకాలంగా గిరాకీ ఉంది. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు మోటారు వాహనాల్లో క్లచ్‌ను ఎక్కువగా ఇనుప కడ్డీలే నడిపేవి. 1950ల్లో హిందుస్తాన్ మోటార్స్ తెచ్చిన ‘బేబీ హిందుస్తాన్’ మోరిస్ మైనర్‌కు మన దేశపు రూపం. దాని పెడల్ కదలిక మధ్యలో ఒక అడ్డ షాఫ్టు మీదుగా ఫోర్కుకు చేరేది. కీలు ఉన్న ప్రతిచోటా బుష్‌లు అరిగి, కడ్డీ సరిగానే ఉన్నా పెడల్ వదులయ్యేది. పైగా ఆ కారు రిలీజ్ బేరింగ్‌లో బాల్స్ ఉండవు, గ్రాఫైటు రింగు ఉంటుంది. ప్లే లేకపోతే అది ఎప్పుడూ రుద్దుకుంటూ తొందరగా అరిగిపోతుంది. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపేవారి మీద పాత ఉస్తాదులకున్న కోపానికి ఇదే మూలం.

కడ్డీల తర్వాత వైరు వచ్చింది. బౌడెన్ అనే ఆవిష్కర్త 1896లో పేటెంటు పొందిన తొడుగు వైరే దీనికి ఆధారం. 1983 డిసెంబరులో బయటికొచ్చిన మారుతి 800 దాన్ని మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేదాకా ఆ కారుది వైరు క్లచ్చే. అందుకే ఇప్పటికీ రోడ్డు మీదున్న పాత కార్లలో ఈ సర్దుబాటుకు అసలైన ఉదాహరణ ఇదే.

ఆబిడ్స్ నుంచి మొజాంజాహి మార్కెట్ మీదుగా నాంపల్లి స్టేషన్‌కు దూరం పెద్దగా లేదు, కానీ రద్దీ వేళ క్లచ్ మీంచి కాలు తీయడం కుదరదు. నుమాయిష్ రోజుల్లో మరీను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ ప్రదర్శన జనవరి, ఫిబ్రవరుల్లో నాంపల్లి రోడ్లను నింపేస్తుంది. అంగుళం అంగుళం కదిలే కారును హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం వల్ల ప్లేటు వేడెక్కి అరుగుతుంది.

లోపాలు రెండు రకాలు. రెండింటికీ మందు ఒకటే అనుకుంటేనే చిక్కు. ప్లే మరీ ఎక్కువైతే పెడల్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడవదు. ఫస్టు, రివర్సు గేర్లు గరగరమంటూ పడతాయి. ప్లే తగ్గిపోతే క్లచ్ పట్టదు. ఇంజను గోల పెరుగుతుంది కానీ బండి వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. ఖాళీ స్థలంలో హ్యాండ్‌బ్రేక్ బిగించి, టాప్ గేరు వేసి నెమ్మదిగా క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే జారుతున్నట్టే.

ఏది అరిగినా వదులవుతుందనుకోవడం సహజం. క్లచ్ ప్లేటు విషయంలో అలా కాదు. ప్లేటు అరిగే కొద్దీ ప్రెషర్ ప్లేటు వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి, ప్లే తగ్గుతుంది. వైరు సాగినా, బుష్‌లు అరిగినా ప్లే పెరుగుతుంది. ఒకే కారులో రెండూ జరిగితే పెడల్ బాగున్నట్టే అనిపిస్తుంది, లోపల ప్లేటు చివరి దశలో ఉంటుంది. జారుతున్న క్లచ్‌కు ప్లే సరిగానే ఉంటే వైరును ఇంకా వదులు చేసి లాభం లేదు. ప్లేటుకు నూనె తగిలిందో, అరిగిపోయిందో చూడాలి. విప్పినప్పుడు దుమ్మును గాలి కొట్టి దులిపే అలవాటు చెడ్డది. పాత ప్లేట్ల లైనింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

అంబాసిడర్ తర్వాతి మోడళ్లలోలాగా హైడ్రాలిక్ క్లచ్ ఉంటే గేరు గరగరకు ముందుగా అనుమానించాల్సింది పైపులో చేరిన గాలిని, కారుతున్న సిలిండర్‌ను. వైరు కారులో మాత్రం తొడుగు మొనల దగ్గర పోగులు తెగాయేమో చూడాలి. ఒక్క పోగు తెగినా నట్టు బిగించి సరిపెట్టకూడదు, వైరే మార్చాలి. కొత్త వైరు మొదట్లో కాస్త సాగి సర్దుకుంటుంది కాబట్టి కొన్నాళ్లు తిరిగాక ప్లేను మళ్లీ కొలిచి లాక్ నట్టు బిగిస్తారు.