కారు కడిగే నీళ్ళకూ ఒక చరిత్ర ఉంది



పోయిన ఆదివారం మా ఫ్లాట్ల కింద చిన్న తగాదా. ఒకాయన గొట్టం పెట్టి కారు కడుగుతున్నారు. పైఅంతస్తు అమ్మగారు "సంపు ఖాళీ అయిపోతుంది, ఆపండి" అన్నారు. "నేనూ మెయింటెనెన్స్ కడుతున్నాను కదండీ" అని ఈయన. ఇద్దరూ మనవాళ్ళే. నన్ను పంచాయితీకి పిలిచారు. నాకు పాత సంగతులే గుర్తుకొచ్చాయి, అవే ఇక్కడ రాస్తున్నాను.

మన చెన్నైకి ఏడాది పొడుగునా పారే నది లేదు. 1944లో కట్టిన పూండి జలాశయం కూడా వాన పడితేనే నిండుతుంది. అందుకే 1976లో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మూడూ తమ కృష్ణా వాటా నుంచి తలా 5 టీఎంసీలు మనకిస్తామని ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కలిసి తెలుగుగంగ పనులు మొదలుపెట్టారు. నీళ్ళు పూండి చేరడానికి 1996 దాకా పట్టింది. శ్రీశైలంలో బయలుదేరి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు దాటి రావాలి మరి. కాలువ గట్లు తెగి, నీళ్ళు ఇంకిపోయి, వచ్చేది కొంచెమే అయితే, పుట్టపర్తి సాయిబాబా ట్రస్టువారు 2002లో పూనుకుని కండలేరు–పూండి కాలువ బాగు చేయించారు.

అయినా 2003లో కరువే. వాననీటి తొట్లు ప్రతి ఇంటికీ తప్పనిసరి అని ప్రభుత్వం ఆర్డరు వేసింది ఆ ఏడే. ప్లాస్టిక్ బిందెలతో లారీ కోసం కాచుకున్న రోజులు మీకూ గుర్తుండాలి.

మళ్ళీ 2019. జూలై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి నీళ్ళ రైలు వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నాకు గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

మా గొట్టం కింద 15 లీటర్ల బకెట్ పెట్టి చూశాను. నిమిషం పైన కొంచెంలో నిండింది. ఇరవై నిమిషాలు కడిగితే సుమారు 250 లీటర్లు. అంటే ఆ రైలంతా కలిపి పదివేల కార్లకు చాలు, అంతే!

మా వీధిలో తెల్లవారుజామున కార్లు తుడిచే కుర్రాడు రెండు బకెట్లతో పని ముగిస్తాడు. అతని దగ్గర నేర్చుకున్నది ఇదీ. ఎండలో కడగకూడదు. ముందు మగ్గుతో పైనుంచి నీళ్ళు పోసి దుమ్ము నాననివ్వాలి, పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఒక బకెట్‌లో షాంపూ, ఇంకొకదాంట్లో గుడ్డ జాడించే మంచినీళ్ళు. గిన్నెల సబ్బు వద్దు, మైనం పోతుంది. చక్రాలు చివర్న. బోరు నీళ్ళు ఆరితే తెల్ల మచ్చలు, కాబట్టి వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి.

పంచాయితీలో నేను చెప్పింది ఒక్కటే: డబ్బు కట్టాం, నిజమే. కానీ నీళ్ళు మన డబ్బుకు పుట్టవు. ఆయన ఒక నిమిషం ఊరకున్నారు, తర్వాత గొట్టం చుట్టేశారు. వచ్చే మీటింగులో "కారుకు రెండు బకెట్లు" అని తీర్మానం పెడదామా? మీ అభిప్రాయం రాయండి.