‘డినామినేట్’ అను క్రియాపదము

ఆంగ్లమునఁ బేరిడుట కనేకపదములు గలవు. వానిలో ‘డినామినేట్’ అనునది శాస్త్రగ్రంథములకును వ్యవహారపత్రములకును దగిన గంభీరపదము. దీని మొదటనున్న ‘డి’ని జూచి యిది నిషేధార్థకమని భ్రమపడరాదు.

ఈ పదము 16వ శతాబ్దమున ఆంగ్లమునఁ బ్రవేశించినది. దీనికి మూలము లాటినుభాషలోని ‘డేనోమినారే’ యను క్రియ. అందు ‘నోమెన్’ అనఁగా పేరు. ‘డే’ యను నుపసర్గమునకు ‘నుండి’ యనియు, ‘పూర్తిగా’ ననియు నర్థములు గలవు. కేవలము పేరిడుట యనుచోట రెండవది పొసఁగును. పారిభాషిక ప్రయోగములందు మొదటిది స్పష్టమగును. 6వ శతాబ్దారంభమున బోయెథియస్ పండితుఁడు అరిస్టాటిల్ రచించిన పదార్థవిభాగ గ్రంథమును లాటినునకుఁ బరివర్తించుచు, వేఱొక పదమునుండి పేరు గొన్న వానికి ‘డేనోమినాటివ’ యను సంజ్ఞ వాడెను. వ్యాకరణమునుండి వైయాకరణుఁడు, శౌర్యమునుండి శూరుఁడు అనునట్టివి యిందుల కుదాహరణములు.

ఈ సంజ్ఞయే పిదప పాశ్చాత్యవ్యాకరణములం దెక్కినది. నామమునుండి పుట్టిన క్రియను వారు ‘డినామినేటివ్’ అందురు. మనవారు దీనినే నామధాతు వనిరి. ‘పుత్ర’ శబ్దమునుండి ‘పుత్రీయతి’, అనఁగా తనకుఁ బుత్రుని గోరుచున్నాఁడు, అను రూపమును బాణిని బోయెథియసునకుఁ బెక్కు శతాబ్దములకు ముందే సాధించెను. గణితమునందు మాత్రము దృష్టి వేఱు. భిన్నములోని క్రిందియంకె భాగము పాలా, పరకా, అయిదవవంతా యని పేరు దెలుపును గనుక ఆంగ్లమున ‘డినామినేటర్’ అయినది. మనవారు విభజనక్రియనుబట్టి దానిని హారమనియు, ఛేదమనియు ననిరి.

‘నోమెన్’, గ్రీకు ‘ఓనొమ’, ఆంగ్లము ‘నేమ్’, సంస్కృతము ‘నామన్’ అనునవి సోదరపదములు. అంతమాత్రమున లాటినుపదము సంస్కృతమునుండి పుట్టెననుట యుక్తము గాదు. ఈ భాషలకు మూలమైన భాష యొకటి యుండి బహుశః నశించియుండునని 1786లో కలకత్తాయందు సర్ విలియం జోన్సు చెప్పియున్నాఁడు. సోదరులలో నొకరిని దండ్రిగా భావించుట వంశవృక్షమును జెఱచుటయే.

మనకును నీ వివేకము వలయును. తెలుఁగున ‘నామము’ సంస్కృతసమము. ‘పేరు’ మన సొంతసొత్తు. తమిళమునఁ ‘బెయర్’, ప్రాచీనకన్నడమునఁ ‘బెసర్’ దానికి జ్ఞాతులు. దక్షిణభాషలు సంస్కృతజన్యములు గావని 1816లో క్యాంబెల్ తెలుఁగువ్యాకరణమునకుఁ గూర్చిన వ్యాసమున ఎల్లిసు దొర నిరూపించెను. ఒక్క యర్థముగల యీ రెండుపదములే, పేరును నామమును, మనభాషలోని రెండు వంశముల కలయికను జూపుచున్నవి.