పిలవని అతిథి: కుమావున్ కొండల్లో హోమ్‌స్టే వెనక వందేళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. చరిత్ర తర్వాత వస్తుంది, కంగారు పడకండి.

పోయిన అక్టోబర్‌లో ఉత్తరాఖండ్ వెళ్లాను. ఢిల్లీ నుంచి రైల్లో కాఠ్‌గోదాం, అక్కడి నుంచి షేర్ జీపుల్లో అల్మోడా, బాగేశ్వర్ మీదుగా మున్సియారీ. మ్యాప్‌లో చూస్తే జానెడు దూరం, వెళ్లేసరికి రెండు రోజులు. పంచాచూలీ శిఖరాలు ఎదురుగా కనిపించే ఒక ఊళ్లో హోమ్‌స్టే బుక్ చేశాను. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది.

చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. కొండల్లో అది అర్ధరాత్రి కింద లెక్క. ఇంటావిడకి యాభై ఏళ్లుంటాయి, దీదీ అని పిలిచాను. పాపం భోజనం వేడిగా పెట్టి ఎదురుచూస్తోంది. పళ్లెంలో చూస్తే మడువా రొట్టె, గహత్ పప్పు. మడువా అంటే మన రాగులే. గహత్ అంటే ఏంటో తెలుసా? ఉలవలు! ఉలవచారు తిని పెరిగినవాడికి రెండు వేల కిలోమీటర్ల అవతల ఉలవలు కనిపిస్తే దండం పెట్టాలి కదా. నేనేం చేశానంటే, "చికెన్ ఏమైనా ఉందా దీదీ?" అన్నాను. "ఈ వేళప్పుడు కోడి ఎక్కడ దొరుకుతుంది భయ్యా" అని నవ్వింది. తర్వాత స్నానానికి వేడినీళ్లు అడిగాను. మబ్బు పట్టి సోలార్ పనిచెయ్యలేదు. నేను ఫోన్ తీసి, బుకింగ్ పేజీలో ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లు అని రాసి ఉన్నది చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా బయటికెళ్లి పొయ్యి రాజేసింది.

మర్నాడు పొద్దున పంచాచూలీ మీద ఎండ పడుతుంటే చూసి, ఇంకో రాత్రి ఉంటానన్నాను. "కుదరదు భయ్యా. వన పంచాయతీ అడవి తెరిచింది, రేపటి నుంచి గడ్డి కోత. చలికాలం పశువులకి అదే ఆధారం. ఇంట్లో ఎవరం ఉండం" అంది. డబ్బులిస్తానంటే వద్దని గడ్డి కోసుకోవడానికి వెళ్లడం ఏంటని నాకు చిరాకేసింది. జీపెక్కగానే మూడు స్టార్లు ఇచ్చి, హోస్ట్ ఫ్లెక్సిబుల్‌గా లేరని రాశాను.

బయల్దేరే ముందు ఇంకోటి జరిగింది. ఆవిడ మావగారు, అందరూ బూబూ అంటారు, అంటే తాతయ్య, ఎండలో కూర్చుని ఉన్నారు. గెస్ట్ రిజిస్టర్ తెచ్చి నా పేరు, ఊరు, ఆధార్ నంబర్ రాయమన్నారు. నేను రాస్తుంటే నవ్వుతూ, "మా తాత కాలంలో కూడా రిజిస్టర్ ఉండేది. అప్పుడు అందులో వచ్చినవాడి పేరు ఉండేది కాదు, మా పేరు ఉండేది" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. తలూపి బ్యాగ్ వేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బాగేశ్వర్‌లో జీపు కోసం మూడు గంటలు ఆగాల్సి వచ్చింది. సరయూ, గోమతి కలిసే చోట బాగ్‌నాథ్ గుడి ఉంది. ఆ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఊరి చరిత్ర వెతికితే, బూబూ చెప్పిన రిజిస్టర్ నేను కూర్చున్న చోటే నీళ్లలో కలిసిందని తెలిసింది. ఇంటికొచ్చాక చరిత్రకారుడు షేఖర్ పాఠక్ గారు ఈ విషయం మీద చేసిన పరిశోధన గురించి చదివాను. ఇప్పుడు ఆ కథలోకి వెళ్దాం.

1815లో బ్రిటిష్‌వాళ్లు గూర్ఖాల నుంచి కుమావున్ తీసుకున్నారు. కొండల్లో బండి నడవదు, అప్పట్లో రోడ్లు లేవు. కానీ దొర ఊరూరా తిరగాలి: శిస్తు లెక్కలకి, సర్వేకి, వేటకి, ఒక్కోసారి ఊరికే మంచు కొండలు చూడటానికి. మరి సామాను ఎవరు మోస్తారు? గుడారం ఎవరు వేస్తారు? పాలు, నెయ్యి, కట్టెలు, గుర్రానికి గడ్డి ఎవరు తేవాలి? అన్నింటికీ ఒకటే సమాధానం, ఆ దారిలో ఉన్న ఊరు. చంద్ రాజులు, గూర్ఖాలు కూడా వెట్టి చేయించుకున్నవాళ్లే. బ్రిటిష్‌వాళ్లు దాన్ని భూమి హక్కుతో ముడిపెట్టి కాగితం మీదికి ఎక్కించారు. నీకు ఇక్కడ పొలం ఉందా, అయితే నీకు ఈ బాధ్యతా ఉంది.

దీనికి మూడు పేర్లు. కులీ ఉతార్ అంటే ఏదో నామమాత్రం కూలి ఇచ్చి బలవంతంగా మోయించడం. కులీ బేగార్ అంటే అది కూడా ఇవ్వకుండా. మూడోది మన టాపిక్‌కి దగ్గరది, కులీ బర్దాయిష్. అధికారి దిగిన చోటికి ఊరివాళ్లు తిండీ తిప్పలూ అన్నీ సమకూర్చాలి, ఉచితంగానో, వాళ్లు విసిరేసిన రేటుకో. ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టే పుస్తకమే కులీ రిజిస్టర్. అది ఊరి పధాన్ దగ్గర ఉండేది, మన దగ్గర మునసబు అనుకోండి. విత్తనాలు వేసే రోజైనా, కోత రోజైనా, ఇంట్లో ఎవరైనా పోయిన రోజైనా, వంతు వస్తే వెళ్లాల్సిందే. దొరల కమోడ్లు కూడా నెత్తిన పెట్టుకుని మోశారు. ఇది నేను మసాలా కోసం చెప్పట్లేదండీ, అక్కడి జనం గుర్తుపెట్టుకున్న అవమానాల్లో అదొకటి.

పిండారీ హిమానీనదం ట్రెక్ గురించి వినే ఉంటారు. లోహార్‌ఖేత్, ఢాకురీ, ద్వాలీ, ఫుర్కియా. ఆ దారి పొడుగునా దొరల కాలం నాటి డాక్ బంగళాలు ఉంటాయి. ఫొటోల్లో చూస్తే ఎంత అందం! ఆ బంగళా ఇచ్చేది కప్పు, గోడలు, ఒక కుర్చీ. మిగతాదంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి రావాలి. "కలోనియల్ చార్మ్" అని మనం స్టేటస్ పెట్టుకునే దాంట్లో చార్మ్ ఎవరిదో, కలోనియల్ ఎవరి నెత్తిన పడిందో ఒక్కసారి చూసుకోవాలి.

1911 నుంచి 1917 మధ్య ప్రభుత్వం కుమావున్‌లో పెద్ద ఎత్తున అడవుల్ని రిజర్వు చేసింది. గడ్డికి, కట్టెలకి, పశువుల మేతకి ఆంక్షలు వచ్చాయి. అడవి అధికారులు పెరిగారు, వాళ్ల టూర్లు పెరిగాయి, అంటే బర్దాయిష్ కూడా పెరిగింది. సింపుల్‌గా చెప్పాలంటే, నా అడవిని లాక్కున్నవాడికి నేనే పాలు పోసి, నేనే పక్క వెయ్యాలి. 1916లో కుమావున్ పరిషత్ పుట్టింది. 1918లో అల్మోడా నుంచి 'శక్తి' పత్రిక మొదలైంది, బద్రీదత్ పాండే దాని సంపాదకుడు. అర్జీలు పెట్టారు, సభలు పెట్టారు. పని జరగలేదు.

1921 జనవరి. మనకి భోగి, సంక్రాంతి అయితే వాళ్లకి ఉత్తరాయణి. పిల్లలు పిండితో చేసిన ఘుఘుతేలు మెడలో వేసుకుని కాకుల్ని పిలిచి పెడతారు. బాగేశ్వర్‌లో పెద్ద జాతర, టిబెట్ వ్యాపారం చేసే జోహార్ లోయ వాళ్లు ఉన్ని, ఉప్పు పట్టుకుని దిగేవాళ్లు. ఆ జాతరకి బద్రీదత్ పాండే, హరగోవింద్ పంత్, చిరంజీలాల్ వచ్చారు. సరయూ ఒడ్డున వేల మంది చేరారు. డిప్యూటీ కమిషనర్ వచ్చి బెదిరించాడు, వెనక పోలీసులు ఉన్నారు. జనం సరయూ నీళ్లు చేతిలోకి తీసుకుని, ఇక మొయ్యం, ఇక పెట్టం అని ప్రమాణం చేశారు. ఊళ్ల పధాన్లు తమ దగ్గరున్న కులీ రిజిస్టర్లు తెచ్చి సంగమంలో పడేశారు. తుపాకీ పేలలేదు. ఆ తర్వాత కుమావున్‌లో ఆ పద్ధతిని ప్రభుత్వం వదులుకోవాల్సి వచ్చింది. 1929లో గాంధీజీ బాగేశ్వర్ వచ్చి వెళ్లారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన వైపు చూద్దాం. మాది నర్సీపట్నం. లంబసింగి ఘాట్ రోడ్డు మీద బైక్ నేర్చుకున్నవాణ్ణి నేను. బాగేశ్వర్ ప్రమాణం జరిగిన మరుసటి ఏడాది, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డాడు. మనకి తుపాకులు, టపాకాయంటి లేఖలు గుర్తున్నాయి. కారణాల్లో ఒకటి అంతగా గుర్తుండదు. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు కొండవాళ్ల చేత రోడ్డు పని చేయించి, కూలి సరిగ్గా ఇవ్వకుండా పీడించాడు. పైకి ఎక్కాలనుకున్నది అధికారి, రోడ్డు కొట్టింది కొండవాడు. ఇటు నిజాం రాజ్యంలో వెట్టి కూడా ఇదే వరస: అధికారి ఊళ్లో దిగితే కుమ్మరి కుండలు తేవాలి, గొల్లవాళ్లు మేకని ఇవ్వాలి, చాకలి గిన్నెలు తోమాలి, మాల మాదిగలు సామాను మోయాలి. మా నాన్నమ్మ విసుగొస్తే "తాసీల్దారు దిగాడా ఏంటి మన ఇంట్లో" అనేది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగేశ్వర్ మెట్ల మీద తెలిసింది.

సరే, మళ్లీ కుమావున్. రిజిస్టర్లు పోయినా అడవి గొడవ మిగిలింది. 1921 ఎండాకాలంలో రిజర్వు అడవులు చాలా చోట్ల తగలబడ్డాయి. ప్రభుత్వం ఫిర్యాదుల కమిటీ వేసింది. చివరికి 1931లో వన పంచాయతీ నియమాలు వచ్చాయి, ఊరు తన అడవిని తనే చూసుకోవచ్చని. గడ్డి ఎప్పుడు కోయాలి, ఎన్ని రోజులు కోయాలి, ఎవరికి ఎంత, ఇదంతా ఊరే తేల్చుకుంటుంది. దీదీ "వన పంచాయతీ అడవి తెరిచింది" అన్న ముక్క వెనక ఇంత ఉంది. నేను దానికి మూడు స్టార్లు ఇచ్చాను.

మున్సియారీ పక్కనే సర్మోలీ అనే ఊరుంది. అక్కడ 2004లో మల్లికా విర్దీ, ఊరి ఆడవాళ్లు కలిసి హోమ్‌స్టేలు మొదలుపెట్టారు. వాళ్లు దాన్ని వన పంచాయతీతో కలిపి నడిపారు. అడవి బాగుంటేనే అతిథి వస్తాడు, అతిథి మీద వచ్చిన దాంట్లో కొంత అడవికి వెళ్లాలి. 2023లో కేంద్ర పర్యాటక శాఖ సర్మోలీని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అవార్డు సంగతి పక్కన పెట్టండి. పొయ్యి దగ్గర ఉండే ఆవిడ చేతికే నేరుగా డబ్బు రావడం, ఎంతమందిని రానివ్వాలో ఆవిడే చెప్పడం, ఆ కొండల చరిత్ర తెలిస్తే చిన్న విషయం కాదు.

ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2018లో దీనదయాళ్ ఉపాధ్యాయ పేరుతో హోమ్‌స్టే పథకం తెచ్చింది. వలసే దానికి కారణం. అదే ఏడాది పలాయన్ ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం 2011 తర్వాత 734 ఊళ్లు పూర్తిగా ఖాళీ అయిపోయాయి. తాళం వేసిన ఇళ్లు జీపులోంచే కనిపిస్తాయి, గుమ్మంలో దురదగొండి మొలిచి. హోమ్‌స్టే అంటే ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలని నియమం. మంచి నియమం. కానీ ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి ఇల్లు లీజుకు తీసుకుని, ఆ ఇంటి పిల్లాణ్ణే జీతానికి పెట్టుకుని హోమ్‌స్టే బోర్డు పెడితే? నా లెక్కలో అది బర్దాయిష్‌కి చిన్న తమ్ముడు. మన లంబసింగిలో కూడా డిసెంబర్ వస్తే గుడారాలే గుడారాలు. అక్కడ 1/70 చట్టం ప్రకారం భూమి గిరిజనులదే. గుడారం అద్దె ఎవరి జేబులోకి వెళ్తోందన్నది మనం అడగాలి. నేను పదేళ్లుగా అక్కడికి వెళ్తున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు. ఈ జనవరిలో అడిగాను. పొయ్యి దగ్గరున్న అమ్మాయి మేనేజర్ వైపు చూసింది.

హోమ్‌స్టేలంటే మోసం అని నేను అనట్లేదు. నాకు అంతకంటే నచ్చే బస లేదు. ఒకే ఒక తేడా చూడమంటున్నాను: ఆ ఇంటివాళ్లు "ఈ రోజు కుదరదు" అనగలరా లేదా. బూబూ వాళ్ల తాత అనలేకపోయాడు. వాళ్ల కోడలు అంది. అలా అంటే ఫోన్‌లో స్టార్లు తగ్గుతాయని తెలిసీ అంది. స్టార్లు తగ్గించినవాణ్ణి నేను. ఆ యాప్ కూడా ఒక రిజిస్టరే, అందులో ఇంటావిడ పేరు పక్కన మార్కులు వేసేది మనం.

ఆ రివ్యూ మార్చడానికి ట్రై చేశాను. గడువు దాటిపోయిందని వచ్చింది. కస్టమర్ సపోర్ట్‌కి నాలుగు మెయిల్స్ పెట్టాను, టికెట్ క్లోజ్ అయిందని జవాబు. బీటెక్ చేసి, నాలుగేళ్లు ఇలాంటి టికెట్లు క్లోజ్ చేసిన పాపం ఊరికే పోతుందా.

డిసెంబర్‌లో దీదీకి ఫోన్ చేశాను. ముందు సారీ చెప్పాను. దేనికని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ మూడు స్టార్ల వాడివి నువ్వేనా? మా అబ్బాయి చూపించాడు" అంది. నవ్విందో లేదో ఫోన్‌లో తెలియలేదు. జనవరిలో రావచ్చా అని అడిగాను.

"కుదరదు భయ్యా. ఉత్తరాయణికి బాగేశ్వర్ వెళ్తున్నాం. మార్చిలో రా. పగలుండగా రా. వేడినీళ్లు కావాలంటే కట్టెలు నువ్వే తెచ్చుకోవాలి."

మార్చి 12కి టికెట్ తీసుకున్నాను. హైదరాబాద్ నుంచి రెండు కిలోల ఉలవచారు కూడా పట్టుకెళ్తున్నాను. వాళ్ల ఉలవలతో మనం ఏం చేస్తామో బూబూకి చూపించాలి. వచ్చాక చెప్తాను, ఉంటానండీ.