పిట్టి త్యాగరాయ శెట్టి

సర్ పిట్టి త్యాగరాయ శెట్టి (1852 ఏప్రిల్ 27 – 1925 ఏప్రిల్ 28) మద్రాసు నగరపాలక సంస్థకు ప్రభుత్వోద్యోగి కాని తొలి అధ్యక్షుడు, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టారు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, కులవృత్తి అయిన నేతనే వ్యాపారంగా పెంచి, మద్రాసు రుమాళ్లు నేయించారు.

1882లో నగరపాలక సంస్థ సభ్యులయ్యారు. అప్పటినుంచి నలభై ఏళ్లు ఆ సభలోనే ఉన్నారు. 1919 నాటి మద్రాసు నగర పురపాలక చట్టం వచ్చాక అధ్యక్ష పదవి ఆయనకు దక్కింది. మేయర్ అన్న బిరుదు 1933లో గాని రాలేదు. పని మాత్రం మేయర్ పనే.

ఆయన పాలనలో అన్నిటికన్నా గొప్పది బడిలో పెట్టిన అన్నం. పేదింటి పిల్లలు బడికి రాకపోవడానికి కారణం ఆకలేనని గుర్తించి, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు తిండి పెట్టాలని 1920 సెప్టెంబరు 16న సభ తీర్మానించింది. రోజుకు ఒక్కో పిల్లవాడికి అణా మించకూడదని హద్దు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. ఆ కాస్త ఖర్చుతోనే బడి నిండింది. తర్వాత మరో నాలుగు బడులకు పాకింది. ఐదు బడుల్లో కలిపి 1922–23లో 811 మంది ఉంటే, 1924–25కి 1,671 మంది అయ్యారు. ప్రాథమిక విద్యా నిధిలోంచి తిండి ఖర్చు పెట్టడం కుదరదని ప్రభుత్వం అడ్డు చెప్పడంతో 1925 ఏప్రిల్ 1న వంట ఆగింది. నెల తిరక్కుండానే త్యాగరాయ శెట్టి కన్నుమూశారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మన లంకల గన్నవరం అన్నపూర్ణ డొక్కా సీతమ్మ పేరిట వడ్డిస్తున్న మధ్యాహ్న భోజనానికి ముందటి పొయ్యి థౌజండ్ లైట్స్‌దే.

1916లో డాక్టర్ టి.ఎం. నాయర్ తదితరులతో కలిసి దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను స్థాపించారు. 'జస్టిస్' పత్రిక పేరే దానికి వాడుక పేరైంది. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి పదవికి పిలిస్తే వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ ప్రధాని కాగా, ఏలూరుకు చెందిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు మంత్రి అయ్యారు.

ఆయన చివరి ఏళ్లలో నగరానికి పడమట, చెరువు పూడ్చిన నేల మీద కట్టడం మొదలైన పేటకు త్యాగరాయ నగర్ అని పేరు పెట్టారు. పెళ్లి పట్టుచీరల కోసం భీమవరం నుంచి వెళ్లేవాళ్లు టి.నగర్ అనే పేట అదే. నగరపాలక సంస్థ కొలువుండే రిప్పన్ భవనం ఆవరణలో ఆయన విగ్రహం ఉంది.