బాణసంచాలో బాణం ఎక్కడుంది?

మొన్న కాశీబుగ్గ బజారులో మా గుంటడు అడిగాడు, "నాన్నా, బాణసంచా అంటున్నారు, మరి బాణాలేవీ?" అని. షాపు నిండా సీమటపాకాయలు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు. విల్లూ లేదు, అమ్మూ లేదు. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. మీక్కూడా ఎప్పుడో ఒకసారి ఈ అనుమానం వచ్చే ఉంటాది. అందుకే రాస్తున్నాను.

ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్ళి చూడండి. ఒడియావాళ్ళు టపాసుల్ని ఇప్పటికీ ఒట్టి 'బాణ' అనే అంటారు. ఇది నిన్నమొన్నటి మాట కాదు. మన తీరాన్ని కూడా ఏలిన గజపతి ప్రతాపరుద్రదేవుడు (1497-1540) పేరు మీద 'కౌతుకచింతామణి' అని ఒక సంస్కృత గ్రంథం ఉంది. అందులో బాణసంచా తయారుచేసే పద్ధతులున్నాయి. పూనా భండార్కర్ సంస్థలో పనిచేసిన పి.కె. గోడే ఈ సంగతి వెలికితీసి రాశారు. ఆ రకాల పేర్లు చూడండి: కల్పవృక్ష బాణం, చామర బాణం, పుష్ప బాణం, చంద్రజ్యోతి. అంటే అయిదొందల ఏళ్ళ కిందటే బాణం అంటే మందు కూరి వెలిగించేది కూడా.

యుద్ధంలోనూ ఇదే మాట. మైసూరులో హైదరాలీ, టిప్పు ఇంగ్లీషువాళ్ళ మీద వదిలిన రాకెట్ల పేరూ బాణాలే. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక వాటిని ఇంగ్లండు పట్టుకెళ్ళారు, అవి చూసే కాంగ్రీవ్ తన రాకెట్లు చేశాడు. పండక్కి కాల్చిందీ, మనుషుల మీదికి వదిలిందీ ఒక్క పేరుతోనే పిలిచారన్నమాట.

మిగతా మాటలూ అంతే, ఒక్కోటి ఒక్కో దారిన వచ్చింది. మతాబు పారసీ 'మహతాబ్', అంటే వెన్నెల. గజపతుల చంద్రజ్యోతీ వెన్నెలే! సీమటపాకాయలో సీమ అంటే పరాయి దేశం, సీమచింతలో ఉన్నట్టే. ఇక 'మందు' సంగతి మనకి వేరే చెప్పాలా? జీడితోటకి కొట్టేది మందే, డాక్టరు రాసేది మందే, సాయంత్రం తాగేదీ మందే, చిచ్చుబుడ్డిలో కూరేదీ మందే.

మా తాత ఇంట్లోనే చిచ్చుబుడ్లు కట్టేవాడు. సురేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు, ఇనుపరజను. గజపతుల నాటి పద్ధతుల్లోనూ ఇవే సరుకులు: సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుము. కూరడానికి వెదురు గొట్టం కూడా వాడేవారు. ఆ పుస్తకం తాత చూడలేదు, చేతికి చెయ్యి అందించుకుంటూ వచ్చిన పని అది. ఒక ఏడు కూరుతుండగా మందు అంటుకుని మా చిన్నాన్న చెయ్యి కాలింది. మూడు వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు. ఆ రోజుతో మా ఇంట్లో ఆ పని ఆగిపోయింది. పోతే పోయిందనే నేనంటాను. మాట మిగిలింది, చాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ మన మీద పడింది. దీపావళికి నెల కూడా లేదు. కొబ్బరిచెట్లు ఇంకా అడ్డంగా పడే ఉన్నాయి, ఎవరికీ కొనే మనసు లేదు. పెద్దవాళ్ళు గోగుకర్రలకి నూనెగుడ్డ చుట్టి ఇస్తే, గుంటలు వీధిలో అవే తిప్పారు. మావాడికి అప్పుడు మూడేళ్ళు, గుర్తులేదట.

మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వాళ్ళు, మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు వీటిని ఏమని పిలిచేవారో అడిగి రాయండి. వాడికి చెప్పాలి.