అగ్నినిరోధకతను గంటల్లో కొలిచిన తొలి దశ: కాంక్రీటు గోడల చరిత్రలో ఒక అధ్యాయం

1902లో అమెరికాలోని బయోన్ పట్టణంలో పసిఫిక్ కోస్ట్ బోరాక్స్ కంపెనీ కర్మాగారం అగ్నిప్రమాదానికి గురైంది. లోపలి ఇత్తడి వస్తువులు కరిగిపోయేంత వేడి పుట్టినా, ఎర్నెస్ట్ రాన్సమ్ ఇనుప కడ్డీలతో నిర్మించిన కాంక్రీటు గోడలు, అంతస్తులు నిలిచాయి. కాంక్రీటుకు నిప్పంటదన్న ప్రచారానికి ఈ ఘటన బలమైన ఆధారమైంది. అయితే గోడ కాలకపోవడం, గోడ మంటను ఆపడం ఒకటి కావు.

ఈ తేడా 1914 డిసెంబరు 9న వెస్ట్ ఆరెంజ్‌లో స్పష్టమైంది. థామస్ ఎడిసన్ స్వయంగా సిమెంటు ఉత్పత్తిదారు. ఆయన కర్మాగారంలో పలు భవనాలు కాంక్రీటువే. ఫిల్ములున్న కట్టడంలో పుట్టిన మంట కిటికీల గుండా పక్క భవనాల్లోకి పాకింది. కాంక్రీటు చట్రాల్లో అధికభాగాన్ని మరమ్మతు చేసి మళ్లీ వాడుకోగలిగారు. లోపలి సరుకు మాత్రం బూడిదైంది.

అందువల్ల ‘నిప్పంటదా?’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఎంతసేపు ఆపుతుంది?’ అన్నది ముఖ్యమైంది. 1918లో అమెరికన్ సొసైటీ ఫర్ టెస్టింగ్ మెటీరియల్స్ ఆమోదించిన పరీక్షలో కొలిమి వేడి 5 నిమిషాలకు 538, గంటకు 927 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. తరువాత స్థిరపడిన నియమం ప్రకారం, మంట తగలని వైపు ఉష్ణోగ్రత సగటున 139 డిగ్రీలకు మించి పెరగరాదు. ఇక్కడ కాంక్రీటుకు తోడ్పడేది దానిలోని నీరే. ఆవిరయ్యేటప్పుడు అది వేడిని గ్రహిస్తుంది. గోడ లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గర కొంతసేపు నిలిచిపోతుంది. బయటికి దారి దొరకనప్పుడు అదే ఆవిరి పీడనం పై పొరను పెచ్చులుగా ఊడగొట్టి, కడ్డీలను మంటకు అప్పగిస్తుంది. అంటే ఒకే గుణం రక్షణగానూ ముప్పుగానూ పనిచేస్తుంది. మందాన్ని మాత్రమే చూసే లెక్కల్లో ఇది కనిపించదు.

గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఈ వేడిరేఖను ఆమోదించిన తరువాతే, 1920లలో, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కు చెందిన సైమన్ ఇంగ్‌బర్గ్ గదులను సామగ్రితో నింపి, తగలబెట్టి, అసలు మంటల తీవ్రతను కొలిచాడు. చదరపు అడుగుకు 10 పౌన్ల మండే సామగ్రి సుమారు ఒక గంట పరీక్షకు సమానమని 1928లో ప్రకటించాడు. అంటే కొలబద్ద ముందు వచ్చింది, కొలవవలసిన మంట తరువాత వచ్చింది. ఆనాటి రేఖే స్వల్ప మార్పులతో నేటికీ అమెరికా పరీక్షల్లో కొనసాగుతోంది.