అంగట్లో మిగిలిపోయిన గిటార్లు

అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1958, 59లలో డీ-18ఈ అనే గిటార్ తయారుచేసింది. మామూలు చెక్క గిటార్‌కే, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు బిగించిన రకమది. కొనేవాళ్లు లేక 302 చేసి ఆపేశారు. వాటిలో ఒకటి 2020 జూన్‌లో వేలానికొచ్చి 60 లక్షల డాలర్లు దాటింది! 1993 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో నిర్వాణా బృందపు గాయకుడు కర్ట్ కోబేన్ వాయించింది దాన్నే.

అమ్ముడుపోని సరుకు అపురూపమైన కథలు ఈ లోకంలో చాలానే ఉన్నాయి. అన్నింటిలోకీ గొప్పది గిబ్సన్ కంపెనీ చేసిన లెస్ పాల్ గిటార్‌ది.

1952లో ఆ గిటార్ పుట్టిందే ఒక పేరున్న వాద్యకారుడి పేరు మీద. మొదట బంగారు రంగు వేసేవారు. గిరాకీ తగ్గడంతో 1958లో రంగు మార్చారు. మేపుల్ చెక్కలోని చారలు కనిపించేలా అంచుల్లో ఎరుపు, నడుమ పసుపు అద్దారు. దీన్నే సన్‌బర్స్ట్ అంటారు. సెత్ లవర్ అప్పటికే రూపొందించిన, గుయ్‌మనే రొదను అణిచే రెండు చుట్ల పికప్‌లు అందులో ఉండేవి. మిషిగన్ రాష్ట్రం కలమజూలోని కార్ఖానాలో మూడేళ్లలో పదిహేను వందల చిల్లర తయారయ్యాయి. అయినా అమ్మకాలు పుంజుకోలేదు. 1960తో ఆపేసి, పలచటి కొత్త ఆకారానికి మారారు. ఆ ఎరుపు కూడా నిలిచే రకం కాదు. ఎండ తగిలితే వెలిసిపోయేది. అందుకే ఒక్కోటి ఒక్కో ఛాయకు తిరిగింది. ఇప్పుడు ఆ వెలిసిన రంగులకే మోజు.

1965లో లండన్‌లో గిటార్ వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ అలాంటి గిటార్ ఒకటి కొన్నాడు. వాద్యకారుడు ఫ్రెడీ కింగ్ ఆల్బమ్ అట్ట మీద లెస్ పాల్ గిటార్‌ను చూసి మనసు పడ్డాడట. మరుసటి ఏడు డెక్కా స్టూడియోలో, జాన్ మేయల్ బృందంతో రికార్డింగు. క్లాప్టన్ మార్షల్ యాంప్‌ను గట్టిగా పెంచి వాయించాడు. దళసరిగా, కాస్త గరగరలాడుతూ, మీటిన స్వరం చాలాసేపు నిలిచే ఆ నాదం కుర్రకారుకు పిచ్చెక్కించింది. క్లాప్టన్ గిటార్ మాత్రం ఆ ఏడాదే దొంగలపాలైంది.

గిరాకీ చూసి 1968లో గిబ్సన్ లెస్ పాల్‌ను మళ్లీ మొదలుపెట్టింది. కానీ ముందొచ్చినవి బంగారు రంగువీ, నల్లవీ. జనం కోరిన సన్‌బర్స్ట్ అందులో లేదు. దాంతో పాతవాటి విలువ ఇంకా పెరిగింది. 1969లో వాద్యకారుడు జిమ్మీ పేజ్ అలాంటి పాతది ఒకటి మరో వాద్యకారుడు జో వాల్ష్ దగ్గర కొన్నాడు. ఇప్పుడు మంచి స్థితిలో ఉన్నది లక్షల డాలర్లు పలుకుతుంది.

తరవాతి దశాబ్దాల్లోనూ ఇదే వరస. 1958లో ఫెండర్ కంపెనీ తన అత్యుత్తమ సరుకుగా తెచ్చిన జాజ్‌మాస్టర్ గిటార్‌ను 1980లో ఆపేసింది. తాకట్టు దుకాణాల్లో చవగ్గా దొరకడంతో సోనిక్ యూత్ లాంటి రాక్ బృందాలు చేతబట్టాయి. వాళ్ల పేరుతో దానికీ ధర వచ్చింది.

విడ్డూరమేమిటంటే, పాత గిటార్‌కు కొత్త రంగు వేసినా, పికప్ మార్చినా విలువ బాగా పడిపోతుంది. పేరున్నవాళ్లకు ఆ లెక్క వర్తించదు. 1970లో క్లాప్టన్ నాష్‌విల్‌లో పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్లు ఆరు చవగ్గా కొని, మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింటి భాగాలతో ఒకటి కూర్చాడు. 'బ్లాకీ' అని పేరుపడ్డ ఆ గిటార్ 2004లో 9,59,500 డాలర్లకు పోయింది.

ఈ ధరల వల్ల నష్టపోయింది వాయించేవాళ్లే. ఒకప్పుడు కుర్రాళ్లు కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్న గిటార్లు నేడు లాకర్లలో మూగబోయాయి. ఇది అన్యాయం. చెక్కనూ తీగలనూ కూర్చింది మోగడానికే కదా!

'గ్రీనీ' మాత్రం ఇంకా మోగుతోంది. వాద్యకారుడు పీటర్ గ్రీన్ వాయించిన ఈ 1959 లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉంది. రెండు పికప్‌లూ కలిపితే ముక్కుతో పాడినట్టు వింత గొంతు పలుకుతుంది. గ్రీన్ దాన్ని లాభానికి అమ్ముకోలేదు. నీ గిటార్ అమ్మితే ఎంతొస్తే అంతే ఇవ్వమని మరో వాద్యకారుడు గ్యారీ మూర్‌కు ఇచ్చేశాడు. చేతులు మారి 2014లో మెటాలికా బృందపు వాద్యకారుడు కర్క్ హామెట్‌కు చేరింది. ఆయన దాన్ని పెట్టెలో దాచకుండా ప్రపంచమంతా తిప్పుతూ కచేరీల్లో వాయిస్తున్నాడు.